సర్పంచమ్మ సాక్ష్యం

మా వాడలో పుట్టిన ప్రతి పిల్లకూ రెండు మతాలుంటాయి. ఆదివారం పొద్దున ఒకటి, బడిలో చేరేటప్పుడు ఒకటి. ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే హిందువులమని రాయించుకోవాలి, క్రైస్తవులమంటే అది చెల్లదు. అందుకని వాడంతా కలిసి ఏళ్ల తరబడి ఒకే అబద్ధం ఆడుతూ వచ్చాం. అందరికీ తెలిసిన అబద్ధం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఊరి పెద్దలకు తెలుసు, సంతకం పెట్టే సారుకు తెలుసు, ప్రభువుకు ఎలాగూ తెలుసు. మా అమ్మ సర్పంచ్ అయ్యేదాకా ఏ గొడవా లేకుండా గడిచిపోయింది.

మాది జఫర్‌గఢ్ దగ్గర ఊరు. నేను బీఎడ్ చేసి భూపాలపల్లిలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతున్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చి, ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించేదాన్ని. ఇంట్లో అమ్మ, నాయినమ్మ. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నాయినమ్మ పుట్టింది డోర్నకల్ వైపు, పెద్ద చర్చి గంట వింటూ పెరిగిన మనిషి. మా రేకుల మందిరాన్నీ, చెవులు చిల్లులు పడే దాని మైకునూ ఆమె చర్చిగా ఎన్నడూ ఒప్పుకోలేదు. "మా దిక్కు అయ్యగారు మెల్లగ మాట్లాడేది. గీయనేంది గింతగనం ఒర్లుతడు, దేవునికి చెవుడా?" అనేది. అయినా ఒక్క వారం కూడా మానేది కాదు, తిట్టుకోవడానికైనా వచ్చేది.

మొన్నటి ఎన్నికల్లో మా ఊరు ఎస్సీ మహిళకు రిజర్వయింది. ఊళ్లో సగం పొలాలున్న పటేల్ మా అమ్మను నిలబెట్టాడు. ఎందుకు ఎంచుకున్నాడో దాపరికం లేకుండా మా గడపలోనే చెప్పాడు.

"నీ అసొంటి నోరులేని మనిషి గావాలె చెల్లె. కుర్సీల నువ్వు కూసో, పని నేను జూస్కుంట."

నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం సరేనంది. వానాకాలం మా వాడలో బురద మోకాళ్ల దాకా వస్తుంది. ఒక్క సిమెంటు రోడ్డు వేయిస్తే తన జన్మకు అది చాలనుకుంది.

క్రిస్మస్ నెలలో ఎన్నికలొస్తే క్రైస్తవులకు దక్కే మర్యాద అంతా ఇంతా కాదు. పటేల్ కేకు పట్టుకుని మందిరానికి వచ్చి ముందు వరుసలో కూర్చుని ప్రతి మాటకూ ఆమెన్ అన్నాడు, చివర్లో "బయట ఎవరిదో బైకు అడ్డంగా ఉంది, తీయండి" అని మా పాస్టరు అయ్యగారు ప్రకటించినప్పుడు కూడా. అవతలి పక్షం వాళ్లు పై వారం పెద్ద కేకు పంపారు. ఇద్దరి కేకులూ తిన్నాం. అదే వారం పటేల్ అమ్మను హనుమాన్ గుడికి తీసుకుపోయి కొబ్బరికాయ కొట్టించాడు. అమ్మ ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చి నాయినమ్మకు చెప్పుకుంది.

"సక్కగ పలిగిందా?" అని అడిగింది నాయినమ్మ.

"పలిగింది."

"చిప్ప తెచ్చినవా మరి? తెస్తె తొక్కు నూరు."

అమ్మ గెలిచింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో గానీ, అమ్మకు ఒక మొక్కు ఉంది. మా సంఘాల్లో మొక్కు అంటే తలనీలాలు కాదు, సాక్ష్యం. ప్రభువా, ఈ మేలు చేస్తే సంఘంలో లేచి నిలబడి నీ పేరు చెబుతాను అని మాటివ్వడం. మేలు జరిగాక చెప్పకపోతే దేవుడి సొమ్ము దాచుకున్నట్టే అని మా వాళ్ల నమ్మకం. దొరికిన బర్రె మీద, తగ్గిన మోకాళ్ల నొప్పి మీద, పాసైన ఇంటర్ మీద సాక్ష్యాలు వింటూ పెరిగాను నేను. అమ్మ ఓట్ల మీద మొక్కుకుంది.

"ఇంట్ల చెప్పుకోమ్మా, దేవునికి ఇంట్ల గూడ ఇనవడుతది" అన్నాను.

"సంగంల చెప్త అన్న బిడ్డా. మాట తప్పుమంటవా?"

ఆ ఆదివారం మైకు అందుకుంది. నోరులేని మనిషి అని పటేల్ ఎంచుకున్న మా అమ్మ ఒక్క తడబాటు లేకుండా మాట్లాడింది. "నన్ను పటేల్ గెలిపిచ్చిండంటాండ్రు అందరు. నన్ను గెలిపిచ్చింది నా యేసయ్య. బాప్తిస్మం తీస్కున్న కాడికెల్లి నా చెయ్యి ఇడువలే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. కీబోర్డు ముందు కూర్చుని నేనూ కొట్టాను. నాకు ఏడుపొచ్చింది, అంత బాగా మాట్లాడింది. అయ్యగారి ఫోను స్టాండు మీద ఉంది. ఎప్పటిలాగే ఆరాధన లైవ్ పోతోంది. ఆ లైవ్ చూసేవాళ్లలో సగం మంది ఆ హాల్లోనే కూర్చుని ఉంటారు కాబట్టి దాని సంగతి మాకెవరికీ గుర్తు రాలేదు.

అవతలి పక్షం వాళ్లకు గుర్తొచ్చింది. సాయంత్రానికల్లా ఆ ముక్క ఊరి వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. క్రైస్తవురాలు ఎస్సీ సీట్లో ఎలా కూర్చుంటుందని కలెక్టరాఫీసులో ఫిర్యాదు పెట్టారు. అమ్మ భయపడి పటేల్ దగ్గరికి పోయింది. ఆయన ఆ వీడియో అప్పటికే చూశాడు, చూసి మండిపోతున్నాడు. "యేసయ్య గెలిపిచ్చిండు గదా, గీ కేసు గూడ ఆయన్నే కొట్లాడుమను" అన్నాడు. తర్వాత చల్లబడి, ఇకనుంచి తను చెప్పినట్టు వినేట్టయితే చూసుకుంటానన్నాడు. అమ్మ తలూపింది.

విచారణకు నేనూ వెంట వెళ్లాను. ఆఫీసులో సారు మర్యాదస్తుడు, అమ్మకు కుర్చీ వేయించాడు. ఫోనులో వీడియో పెట్టి, ఇది మీరేనా అని అడిగాడు.

"నేనే సారు. పిలిచిండ్రు, పోయిన. గుడికి పిలిస్తె గుడికి పోత, పీర్ల పండుగకు పిలిస్తె గాడికి పోత. సర్పంచ్‌ను గదా, అందరు గావాలె."

ఇదంతా పటేల్ నేర్పిన మాటే. బాప్తిస్మం తీసుకున్నారా అని అడిగాడు సారు.

"లేదు. గట్ల అనాలంటరని అన్న."

"మీరు క్రైస్తవులా?"

"కాదు సారు."

అమ్మను చెరువులో ముంచి లేపినప్పుడు గట్టు మీద తువ్వాల పట్టుకుని నిలబడింది నేనే. ఆమె వణికిపోతూ నవ్వుతూ వచ్చింది. అమ్మ ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నాకు ఆ నవ్వే కళ్లముందు ఉంది. తర్వాత అయ్యగారిని పిలిచారు. ఈమె మా సంఘ సభ్యురాలు కాదన్నాడు. ఆయన పిల్లలవీ అవే సర్టిఫికెట్లు, ఆయన్ను అని ఏం లాభం? సరైన ఆధారాలు లేవని ఫిర్యాదు కొట్టేశారు. మెట్లు దిగుతుంటే ఎదురుపక్షం మనిషి "జూస్తనే ఉంటం సర్పంచమ్మా, ఫోన్లు మాకూ ఉన్నయ్" అన్నాడు.

పదవి మిగిలింది. కొన్నాళ్లు మందిరానికి రావద్దని అయ్యగారే మెల్లగా చెప్పాడు, సంఘం మంచికేనట. రోడ్డు మా వాడకు కాదు, పటేల్ పొలం దాకా పడింది. దాని కాగితాల మీద సంతకం అమ్మదే. ఆదివారాలు మైకు మోత మొదలవగానే అమ్మ చేట తీసుకుని, చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగేది. ఇంట్లో ప్రార్థన చేసుకోవచ్చు కదా అన్నాను ఒకరోజు. "ఏ మొఖం వెట్టుకోని?" అంది. ఆ తర్వాత నేను అడగలేదు. నాయినమ్మ మాత్రం ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. భోజనానికి కూర్చున్నప్పుడు ఇద్దరి తరఫునా తనే కళ్లు మూసుకునేది.

ఎండలు ముదిరాక నాయినమ్మ మంచం పట్టింది. పోయే ముందు స్పృహలో ఉన్న కాసేపట్లో అమ్మ చెయ్యి పట్టుకుని, "పాట పాడి మట్టి చెయ్యుండ్రి నన్ను" అంది. డోర్నకల్‌లో చిన్నప్పుడు నేర్చుకున్న పాట. అది అమ్మకు వచ్చు, నాకూ వచ్చు. అమ్మ "అట్లనే" అంది.

శవం ముందుకు అందరికన్నా మొదట వచ్చింది పటేల్. వస్తూనే డప్పులకు మనిషిని పంపాడు. అమ్మను పక్కకు పిలిచాడు. "అవతలోల్లు వచ్చి నిలవడ్డరు సూసినవా? ఫోన్లు చేతులల్లనే ఉన్నయ్. జర సోయిల ఉండు. పసుపు కుంకుమ నువ్వే వెట్టు, అందరు సూడాలె."

ముత్తయిదువ కాని ముసలామెకు కుంకుమేమిటని అడిగేవాళ్లు కూడా లేకపోయారు. అమ్మ వంగి ఆ పాదాలకు పసుపు రాసింది. తర్వాత నుదుటికి బొట్టు పెట్టింది. నేను పుట్టాక ఆ నుదుట బొట్టు చూడలేదు. నాయినమ్మ ముఖం ఎవరిదో అయిపోయింది. నాకు అరవాలనిపించింది, అవతలివాళ్ల చేతుల్లోని ఫోన్ల వైపు చూశాను. అయ్యగారు గుంపులో వెనక నిలబడ్డాడు, చేతిలో బైబిలు లేదు. వాడలో మాతో కలిసి పాడేవాళ్లంతా ఉన్నారు. డప్పు మోగుతూనే ఉంది. గుంతలోకి దించి మట్టి పోసేదాకా ఎవరూ నోరు తెరవలేదు.

తిరిగి వస్తుంటే అమ్మ నన్ను ఆపింది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"నాకైతె పదవి అడ్డం వచ్చె. నువ్వన్న పాడకపోతివి బిడ్డా?"

నేను అబద్ధం చెప్పలేదు. "టీచర్ పోస్టులు పడుతయంటాండ్రమ్మా. నాది గూడ అదే సర్టిఫికెట్" అన్నాను.

తిడుతుందనుకున్నాను. అమ్మ నా చున్నీకి అంటిన మట్టి దులిపింది.

"అయితె మంచిపని చేసినవ్" అంది.

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది. అదే నేను తట్టుకోలేకపోతున్నాను.