పసుపునీళ్లు చల్లిన కుట్టుమిషను

నేను బడికి వెళ్లలేదు. అక్షరాలూ వేదాంతమూ రెండూ మా బావగారే, అంటే నా భర్తకు అన్నగారే, మెట్టుగూడ ఇంటి వరండాలో కూర్చోబెట్టి నేర్పారు. ఆ మేలు మరచిపోను. ఈ రోజుకీ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుంటూ ఆయన్ని తలుచుకుంటాను. అయినా పోలీస్ యాక్షన్ నాటి సంగతి గుర్తొస్తే నోట్లో చేదు ఊరుతుంది.

ఆయన వేదాంతం పూటపూటకూ పనికొచ్చేది. అన్నంలో రాయి తగిలితే కోపమెందుకు, కొత్త చీర చిరిగితే ఏడుపెందుకు, ఇలా చెప్పేవారు. సాయంత్రాలు నలుగురైదుగురు వచ్చి వినేవారు.

పక్కింట్లో ఒక ముస్లిం ఆవిడ ఉండేది, అక్క వరసగా ఆపా అని పిలిచేదాన్ని. భర్త పోయాక బట్టలు కుట్టి ఇద్దరు ఆడపిల్లలను సాకుతుండేది. రవికె కత్తిరించడం నాకు నేర్పింది ఆవిడే. సైన్యం వస్తోందనగానే భయపడి, పాతబస్తీలో ఉన్న అన్న ఇంటికి బయల్దేరింది. పోతూ పోతూ మిషను మా వరండాలో పెట్టింది.

"జెర పైలం చెల్లె. నా పిల్లల బువ్వ గదే."

ఆమె అటు వెళ్లగానే మా తోడికోడలు ముక్కు చిట్లించింది. "తురకోళ్ల సామాను ఇంట్లకు ఎట్ల తెస్తం?" బావగారు మంత్రం చదివి మిషను మీద చెంబెడు పసుపునీళ్లు చల్లారు. చెంబు అందించింది నేనే. శుద్ధి అయిపోయిందన్నారు. ఇక చక్రం బిగిసేదాకా ఇంటిల్లిపాది బట్టలూ దానిమీదే. నేనూ రెండు రవికెలు కుట్టుకున్నాను.

మూడు నెలలకు ఆపా తిరిగొచ్చింది. బావగారు లోపలికి రమ్మనలేదు. వాకిట్లోనే నిలబడింది.

"మిషన్ తీస్కపోతా అన్నా. పని షురూ చెయ్యాలె. పిల్లలు పరేషాన్ అయితున్నరు."

బావగారు కళ్లు మూసుకున్నారు. "నీది నాది అని ఏందమ్మా? ఈ పెయ్యే, ఈ ఒళ్లే మనది కాదు. వస్తువు మీద మోహం పెట్టుకోకు."

"ఏదీ ఎవ్వరిది కాకుంటే మీ ఇంట్లనే ఎందుకుండాలె అన్నా? నా ఇంట్ల సుత ఉండొచ్చు గద?"

"మాటలు మంచిగనే నేర్చింది," అని వరండాలో ఒకాయన నవ్వాడు. బావగారూ నవ్వారు. పెదవి మూల నుంచి తాంబూలం రసం గడ్డం మీదికి కారింది. దాన్ని తుడుచుకుంటూ మళ్లీ మోహం గురించే మొదలుపెట్టారు.

లోపలికి వెళ్లి మిషను ఎత్తాను. తోడికోడలు చెయ్యి పట్టుకుంది. "పిచ్చి లేసిందా?" విదిలించుకుని, అందరి ముందునుంచీ మోసుకెళ్లి వాకిట్లో దించాను.

"మోహం లేకుండ ఇచ్చేస్తున్న, బావగారూ," అన్నాను. ఆయనకు ఎదురు మాట్లాడటం అదే మొదలు.

ఆపా సూది కింది రేకు జరిపి చూసింది. లోపల పసుపు గడ్డకట్టి ఉంది, దాని చుట్టూ తుప్పు.

"గివేం నీళ్లు చెల్లె?"

కొంగుతో ఆ పసుపు తుడవబోయాను. ఆమెకు అర్థమైంది. ఇనుము మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో నాకు తెలియక కాదు. ఆ రోజు నోరు విప్పలేదు, అంతే. నా మీద నాకే రోత పుట్టింది.

కాస్త నూనె అడిగింది. తెచ్చిచ్చాను. చక్రం కిర్రుమని ఒక చుట్టు తిరిగి ఆగింది. మళ్లీ నూనె వేసింది. ఈసారి తిరిగింది, ఆగలేదు. దేవుడా, అనుకున్నాను. మిషను ఒళ్లో పెట్టుకుని రిక్షాలో వెళ్లిపోయింది, నా వైపు చూడకుండానే.

సాయంత్రం పాఠానికి పిలుపొచ్చింది. వెళ్లలేదు.