అనుమానాలరావుగారి కనపడని విలన్

మా ఎడిటరుగారు తన నీడని కూడా రెండోసారి వెనక్కి తిరిగి చూసుకున్నాకే నమ్మేవారు. ఆఫీసులో అందరం ఆయన్ని చాటుగా అనుమానాలరావు అనేవాళ్ళం. ఎక్కడైనా ఇద్దరు నవ్వుకుంటుంటే అది తన గురించేనని ఆయన అనుమానం. చాలాసార్లు అది నిజం కూడాను.

సూపర్‌హీరో బొమ్మల పుస్తకాలు వేసే సంస్థ మాది. ఆయన మొదట అక్కడ ప్రూఫులు దిద్దడానికి చేరారట. ఒక కథలో హీరో మండుతున్న మేడలోకి దూకి ఎవర్నో కాపాడితే, ఆ పేజీ అంచున "మంటల సంగతి ఇతనికి అందరికంటే ముందు ఎలా తెలిసింది? అసలు అంటించింది ఎవరు?" అని రాసి పంపారు. యజమాని అది చదివి, ఇన్ని అనుమానాలున్నవాడివి నువ్వే రాయి అన్నారు. అలా పుట్టాడు పిడుగు మనిషి. మేఘాల మీద నడుస్తాడు, కొండల్ని పిండి చేస్తాడు, కానీ ఎవరైనా కాపాడమని కేకేస్తే ముందు నాలుగు ప్రశ్నలు అడిగిగానీ కదలడు. పిల్లలు వాడంటే పడి చచ్చేవారు.

ఆ పుస్తకాల్లో మాటల బుడగలు గీసి అక్షరాలు రాయడం నా పని. చేరిన రోజున ఎడిటరుగారు నా చేతిరాత చూసి ముత్యాల్లా ఉందన్నారు. నేను మురిసిపోయేలోపే, "ఇంత బాగా రాసేదానివి ఇక్కడికెందుకొచ్చావు?" అని అడిగారు. కొత్త కథ పెట్టిన సొరుగుకి తాళం వేసేవారు. తాళంచెవి దాచిన చోటు ఎవరైనా పసిగడతారని చోట్లు మార్చి మార్చి, చివరికి తానే మరిచిపోయి, దొంగలు పడ్డారని ఆఫీసంతా తిరగేయించేవారు. ఒకసారి అది ఆయన చెప్పులోనే దొరికితే, అక్కడ పెట్టిందెవరో చెప్పమని మమ్మల్ని వరసగా నిలబెట్టారు. వాళ్ళావిడ ఫోన్ చేసి భోజనానికి పెందరాళే రమ్మంటే, "ఎందుకూ?" అనేవారు.

పిడుగు మనిషికి మొదటినుంచీ బొమ్మలు వేసింది ఒక్కరే. ఎడిటరుగారికంటే పెద్దవారు. నేను బాబాయ్ అనేదాన్ని, ఎడిటరుగారు అన్నయ్యా అనేవారు. ఆయన వీధి వేస్తే ప్రతి కిటికీకీ తెర, ప్రతి తెర వెనకా ఒక మనిషి, ఆ మనిషి మొహంలో ఏదో ఒక దిగులు ఉండాల్సిందే.

అలాంటిది, ఒక ఏడాది కథల తీరే మారిపోయింది. ముందు ఊరంతా మంచు కమ్మింది. తర్వాతి సంచికలో కరెంటు పోయింది. ఆపైన పిడుగు మనిషి ఎడారిలో తప్పిపోయాడు, పుస్తకం నిండా ఇసుకే. ఆ తర్వాత కంటికే కనపడని విలన్ ఒకడు దిగాడు. పిడుగు మనిషి గాలిని గుద్దుతాడు, గాలి చేత గుద్దించుకుంటాడు.

యజమాని పేజీలు తిరగేసి, విలన్ ఎక్కడ అని ఎడిటరుగారిని అడిగారు.

"కనపడడు సార్."

"ఒక్క పేజీలో కూడానా?"

"కనపడితే కనపడని విలన్ ఎలా అవుతాడు సార్?"

అనుమానం అంటువ్యాధి. అది నాకూ అంటుకుంది. బాబాయ్‌కి పని తగ్గించి తగ్గించి, చివరికి బొమ్మలాయనే అక్కర్లేదని సాగనంపడానికి వేసిన ఎత్తు ఇది అనుకున్నాను. పైగా ఎడిటరుగారు బాబాయ్ బల్ల చుట్టూ పిల్లిలా తిరుగుతూ ఆయన చేతులకేసే చూస్తుండేవారు. జాగ్రత్తగా ఉండమని బాబాయ్‌కి చెబితే ఆయన మొహం పాలిపోయింది. కంట్లో పొర వస్తోందని, సన్నగీత ఆనడం లేదని, పొర ముదిరాక ఆపరేషన్ చేస్తానని డాక్టరు అన్నాడని చెప్పారు. తెలిస్తే మాన్పించేస్తారని దాచారట.

"ఏదో నా అదృష్టం కొద్దీ ఈమధ్య కథల్లో సన్నపని తగలడం లేదమ్మా. తమ్ముడికి మాత్రం తెలియనివ్వకు" అన్నారు.

అప్పటికీ నా బుర్రకి వెలగలేదు. తిన్నగా ఎడిటరుగారి గదిలోకి వెళ్ళి, ఆ పెద్దాయన పొట్ట కొట్టాలని ఎందుకు చూస్తున్నారని అడిగేశాను. ఆయన లేచి తలుపు వెనక చూశారు. కిటికీ మూశారు. అప్పుడు నోరు విప్పారు.

"పిడుగు మనిషి చొక్కా గుండీలు ఒక పేజీలో ఎడమపక్క, ఇంకో పేజీలో కుడిపక్క. అన్నయ్య అలాంటి తప్పు చచ్చినా చెయ్యడు. గ్లాసు పెట్టేముందు బల్ల తడుముకుంటున్నాడు. నాకు అనుమానం రాదా?"

"మరి ఆయనతో ఒక్క మాట అనొచ్చు కదా సార్."

"అంటే సిగ్గుపడి తనే మానేస్తాడు. పైవాళ్ళకి తెలిస్తే వాళ్ళే మాన్పిస్తారు. మంచు మాత్రం ఎన్నాళ్ళు కురిపించను?" అని నావంక ఓరగా చూశారు. "ఇప్పుడు నీకు తెలిసిపోయింది. నువ్వు బయటపెట్టవని ఏమిటి నమ్మకం? అందుకని నువ్వూ ఇందులో చేరు. రేపట్నుంచి బుడగలు పెద్దవి చెయ్యి. మాటలు నేను పెంచుతాను."

అంతవరకూ నాలుగు ప్రశ్నలకి మించి మాట్లాడని పిడుగు మనిషి ఆ నెలనుంచి తన్నులు తింటూ కూడా ఉపన్యాసాలు దంచాడు. పాఠకులు మాత్రం కనపడని విలన్ మొహం ఎప్పుడు చూపిస్తారని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. పుస్తకం అంతకుముందుకంటే బాగా పోతుంటే యజమాని ఇక నోరెత్తలేదు.

ఆపరేషన్ అయ్యి, కొత్త కళ్ళజోడుతో వచ్చిన బాబాయ్ ఆ ఏడాది సంచికలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. అన్నీ చూసి ఎడిటరుగారి గదికి వెళ్ళారు.

"ఇంత బోడి బొమ్మలు ఎలా ఒప్పుకున్నావు తమ్ముడూ? నీ కన్నుగప్పి చీమ కూడా పోదే."

"నీకు బద్ధకం పెరిగిందని అనుమానమొచ్చింది అన్నయ్యా. పెద్దవాడివని ఊరుకున్నాను" అన్నారు ఎడిటరుగారు తల ఎత్తకుండా.

బాబాయ్ ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఎడిటరుగారు ఆ చేతిని అనుమానంగా చూసి, కొత్త కథ అందులో పెట్టారు. ఆ కథలో, ఆట చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చిన మైదానంలో విలన్ మొదటిసారి కనపడతాడు.

"ఏడాదిపాటు తప్పించుకున్నావు. జనంలో ఒక్క తల తగ్గినా ఊరుకోను" అన్నారు ఎడిటరుగారు.

బాబాయ్ గీసి తెచ్చిన పేజీల్లో ఒక్క తలా తగ్గలేదు. చివరి పేజీలో విలన్ మొహం చూసి, నవ్వాపుకోలేక నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, ముడిపడ్డ కనుబొమలు, ఎదుటివాడి జేబులోకి తొంగిచూస్తున్నట్టుండే చూపు. అచ్చం ఎడిటరుగారే. ఏమంటారోనని ఆఫీసంతా గుమ్మం దగ్గర మూగింది.

ఆయన ఆ బొమ్మని వెలుగులోకి తిప్పి, దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టి చాలాసేపు చూశారు.

"ఈ మొహం చూస్తే ఎందుకో నమ్మబుద్ధి కావడం లేదు" అన్నారు. "బాగా కుదిరింది. అచ్చుకి పంపండి."