బిందెడు నీళ్ళతో కడిగిన చెరువు

మొన్న మా మనవరాలు సెలవులకు వస్తూ పాత కెమెరా ఒకటి తెచ్చింది. పట్నంలో పిల్లలకు ఇప్పుడు మళ్ళీ రీలు కెమెరాల మోజు పట్టిందట. అవ్వకు తెలిసిన విద్యే కదా అని అది నా చేతిలో పెడితే, నేను మొదట చేసిన పని వెనక్కి తిప్పి లోపల రీలేమన్నా ఉందేమో చూడటం. లేదు. అయినా ఆ పూటంతా నా మనసు పావగడ బస్టాండు వెనక సందులో, ఇల్లూ దుకాణమూ ఒకటైన మా ఫొటో స్టూడియో దగ్గరే తిరిగింది.

పెళ్ళై ఆ ఇంటికి వచ్చేనాటికి నాకు ఫొటో తీయించుకోవడం కూడా సరిగ్గా రాదు, మా పెళ్ళి ఫొటోల్లో సగం వాటిలో కళ్ళు మూసుకునే ఉన్నాను. అలాంటిది, ఏడాది తిరక్కుండానే ఫిల్ములు కడిగే పనంతా నా చేతికే వచ్చింది. మా ఆయన డార్కురూము అని గొప్పగా చెప్పుకునేది వంటింటి పక్కనున్న సామాన్ల గది, అందులో ఏ డబ్బా ఎక్కడుందో చీకట్లో తడిమి చెప్పగలిగింది నేనొక్కదాన్నే మరి.

ఫిల్ముకు మందులెంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యం, ఎనభైల చివరి కరువు చూసినవాళ్ళకు ఆ నీళ్ళ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాని ఏళ్ళవి. బోరింగు నీళ్ళు ఉప్పు, వాటితో కడిగితే ఫిల్ము మీద తెల్లటి మచ్చలు తేలేవి. అందుకని తాగే నీళ్ళే వాడాలి. అవి ట్యాంకరు వచ్చిన రోజే దొరికేవి, వాటికి కాపలా మా అత్త. వారానికొకసారి పెళ్ళివాళ్ళ ఫిల్ములన్నీ కలిపి ఒక్క బిందెతో కడుక్కోవాలన్నది ఆమె పెట్టిన చట్టం.

అలాంటి రోజుల్లో మా ఆయన, నిడుగల్లు వైపు రిటైరైన ఒక మేష్టరు దగ్గర పాత బాక్సు కెమెరా కొని తెచ్చాడు. తెచ్చిన హుషారులో మూత తీయబోతుంటే, వెనకనున్న చిన్న ఎర్ర అద్దంలో ఏడో నంబరు కనబడి నేను చెయ్యి పట్టుకుని ఆపాను. లోపల సగం వాడిన రీలుంది. మేష్టరును అడిగితే, తాను దాన్ని ముట్టుకుని ఏళ్ళయిందని, ఫొటోలేమన్నా పడుంటే మీరే పెట్టుకోండని అన్నాడట. ఇంత పాతది పెళ్ళివాళ్ళ ఫిల్ములతో కలిపితే అవీ చెడతాయి, పారేయమన్నాడు మా ఆయన. నాకు మనసొప్పలేదు. విడిగా కడగాలంటే ఇంకో బిందె కావాలి కనుక అత్తనడిగాను.

“ఎవురివో తెలీని మొగాలు కడిగేదానికి తాగే నీళ్ళా అమ్మీ? పిలకాయలు ఏం తాగాల?” అని, కూలికి ఒలుస్తున్న వేరుశనగ విత్తనం కాయల వైపు తిరిగిపోయింది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, అప్పటికి నాకు ఇద్దరు చిన్నపిల్లలు. అయినా మరుసటి రోజు ఆమె ఒలిచిన పప్పు మండీలో ఇచ్చి రావడానికి వెళ్ళగానే, నేను బిందె ఎత్తుకుని గదిలోకి పోయి తలుపేసుకున్నాను. దొంగతనమే, దానికి ఇంకో పేరు లేదు. తీరా చూస్తే ఏడింటిలో ఆరు పనికిరాకుండా నల్లబడ్డాయి, ఒక్కటి మాత్రం నిలిచింది.

ఖాళీ బిందె చూసి అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఏదన్నా చెప్పాల్సి వస్తే “మీ యమ్మకు చెప్పుప్పా” అని, ఇంకా మాటలైనా సరిగ్గా రాని మా చిన్నవాడితో చెప్పించేది. మూడో రోజు పెళ్ళి ఫొటోలతో పాటే ఆ ఒక్క ఫొటో చిన్న కాగితం మీద వేసి, ఆమె కాయల చేట పక్కన పెట్టి వచ్చాను. అది నిండిన చెరువు. కట్ట చివరి అలుగు, మా వైపు మరవ అంటాం, దాని మీదుగా నీళ్ళు పొర్లి పారుతున్నాయి, కట్ట మీద ఆడవాళ్ళు కొత్త చీరలు కట్టుకుని, గంగమ్మకు ఇవ్వడానికి పసుపు కుంకుమలు పెట్టిన చేటలు పట్టుకుని నిలబడ్డారు, పిల్లలు మోకాలి లోతు నీళ్ళలో గెంతుతున్నారు. అత్త దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

“నువ్వు ఈ ఇంటికి రాకముందు ఇది. మీ మామ ఉండె అప్పుడు. మరవ పారింటే బండి కట్టుకోని పోయినాం. ఇదో, ఈ పక్కన నేనుండా. ఫొటోలో పడలేదు, అంతే.”

ఆ సాయంత్రం ఆమే ఒక బిందె మోసుకొచ్చి గది గుమ్మంలో దించింది. గోడకు తగిలించేంత పెద్దది చేయమంది. నాకు అంత సంతోషం అంతకుముందెప్పుడూ కలగలేదు, కాని పెద్ద కాగితంలోంచి మందు పూర్తిగా వదలాలంటే రెండు బిందెలన్నా కావాలి. ఆమె తెచ్చిన ఆ ఒక్కటీ ఇంట్లో చివరిదని, ట్యాంకరు రావడానికి ఇంకా రెండు రోజులుందని నాకు తెలుసు. సగం నీళ్ళతోనే కడిగి, మిగతా సగం ఆమె చూడకుండా తిరిగి కుండలో పోశాను.

ఇప్పుడు ఊళ్ళో కొళాయి తిప్పితే నీళ్ళు వస్తాయి, వానలు ఎగ్గొట్టిన ఏడు కూడా ఎవరి ఇంట్లోనూ బిందెకు కాపలా లేదు. ఫొటోలకు మందులూ అక్కర్లేదు, నీళ్ళూ అక్కర్లేదు, ఒక్క పూటలో వంద తీసి సాయంత్రానికి మరచిపోతున్నారు. మంచిదే, ఆ కష్టం మళ్ళీ రావాలని నేను కోరుకోను.

సరిగ్గా కడగని ఫొటో నిలవదు. నాలుగైదేళ్ళకే ఆ చెరువు పసుపు తిరిగి, తర్వాత మట్టిరంగుకు వచ్చింది. తప్పు నాదని ఒకరోజు అత్తతో చెప్పబోతే ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు. “ఇబ్బుడే సరిగ్గా ఉండాది. కొత్తనీళ్ళు ఎర్రగానే కదా వచ్చేది” అంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, ఇప్పుడా ఫొటోలో కట్టేదో నీళ్ళేవో నాకే సరిగ్గా ఆనవు. ఇంకో సగం బిందె పోసి ఉంటే నిలిచేది కదా అని ఒక్కోసారి దిగులేస్తుంది. కాని ఆ సగం బిందె రెండు రోజులు నా పిల్లలు తాగారు.