ముగ్గురాయి కుప్పల మధ్య కంచె

2009 ఎండాకాలం. కడప జిల్లా మంగంపేట. ముగ్గురాయి గనులకు ఆనుకొని ఉన్న ఒక పల్వరైజింగ్ మిల్లులో, అంటే రాయిని పిండి చేసే మిల్లులో, నేను గ్రేడరును. లోడుగా వచ్చిన రాయిని చూసి, తూచి, ఏ రకమో తేల్చి చెప్పడం నా పని. ఏడో తరగతితో బడి మానినవాణ్ని. ఇంగ్లీషూ, దేశాల సంగతులూ పేపరు చదివి, రేడియో విని నేర్చుకున్నవే. నేను అనుకున్నదాంట్లో తప్పులుండొచ్చు గాని, చూసినదాంట్లో లేవు.

మీ ముంగిట్లో వేసే ముగ్గుపిండికి పనికొచ్చే రాయే ఇది. వ్యాపారంలో బెరైటీస్ అంటారు. చూడ్డానికి మామూలు బూడిదరంగు రాయి, ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి దిగిపోతుంది. నీళ్ళకంటే ఎన్ని రెట్లు బరువో చెప్పే లెక్కను స్పెసిఫిక్ గ్రావిటీ అంటారు. మంచి రాయికి అది నాలుగు దాటుతుంది. ఎక్కువగా కొనేది చమురు బావులు తవ్వేవాళ్ళు. ఇంకో వాడకం కూడా ఉంది. అణు రియాక్టరు చుట్టూ కట్టే గోడల్లో మామూలు కంకర బదులు ఈ రాతి కంకర వేస్తారు. కంటికి కనపడని కిరణాలను లోపలే ఆపేది ఆ బరువు. కరెంటు తీసే రియాక్టరుకైనా, బాంబు సరుకు తీసే రియాక్టరుకైనా గోడ గోడే.

మా మిల్లు యజమానిని అందరం శెట్టి అనేవాళ్ళం. ఆయనకు రెండు షెడ్లు. గిరాకీ లేక రెండో షెడ్డు మూతపడి ఏడాది దాటింది. అక్కడ రాళ్ళు ఏరే ఆడవాళ్ళు కొందరు కోడూరు తోటల్లో కూలికి పోయారు, కొందరు పిల్లల్ని తీసుకొని మద్రాసు పోయారు. వాళ్ళ మేస్త్రి ఓబులమ్మ మాత్రం వారానికోసారి వచ్చి అడిగేది.

"అన్నా, షెడ్డు ఎప్పుడు తెరుస్తారంట?"

"ఆర్డరు వస్తే తెరుస్తారు."

"పోయిన వారమూ ఇదే చెప్పినావు. మాట మార్చి చెప్పు, కొత్తగా విన్నట్టన్నా ఉంటాది."

అట్లాంటి రోజుల్లో ఒక ఆర్డరు వచ్చింది. ఏదో విదేశంలో కరెంటు కోసం అణు కేంద్రం కడుతున్న కంపెనీది. గోడలకు మా రాయి కావాలట. కొన్నేళ్ళ పాటు కొంటారట, రాయిని కంకర కొట్టే కొత్త క్రషరు కూడా ఇస్తారట. ఒక్కటే షరతు. ఆ మిల్లు నుంచి అణ్వాయుధాలకు సంబంధించిన ఏ పనికీ రాయి పోగూడదు. అది చూసుకోవడానికి వాళ్ళ మనిషి ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు.

చిక్కు అక్కడే వచ్చింది. కర్నూలు నుంచి ఒక కాంట్రాక్టరు చాలా ఏళ్ళుగా మా దగ్గర రాయి తీసుకుపోతున్నాడు. యాడికప్పా అంటే "గవర్నమెంటు పని" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. ఆ చెప్పకపోవడాన్ని బట్టి శెట్టి అది బాంబులు చేసే చోటికేనని తీర్మానించుకున్నాడు. మిల్లుకు ఎవరొచ్చినా గొంతు తగ్గించి చెప్పి, మీసం సవరించుకునేవాడు. వ్యాపారమంతా కలిపి చూసినా ఆ లారీలు ఓ మూలకు రావు. ఆయనకు గర్వం మాత్రం వాటి మీదే.

మన దేశం అమెరికాతో అణు ఒప్పందం కుదుర్చుకున్నది ఆ ముందు సంవత్సరమే. మన రియాక్టర్లను రెండుగా విడదీసి, కరెంటు వాటాను విదేశీ తనిఖీకి తెరవాలి. బాంబుల వాటాను తెరవనక్కర్లేదు. బదులుగా యురేనియమూ యంత్రాలూ దొరుకుతాయి. టీకొట్టు దగ్గర నేను రెండు పక్షాలతోనూ పోట్లాడినవాణ్ని. ఒప్పందం వద్దన్నవాణ్ని, మన పల్లెల్లో కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో చెప్పమని నిలదీశాను. కావాలన్నవాణ్ని, రేపు మన చేతులు కట్టేస్తే ఎవరు విప్పుతారని నిలదీశాను. సాయంత్రానికి నేను ఏ పక్షమో నాకే తెలిసేది కాదు. ఆ గొడవ ఇప్పుడు మా మిల్లు గేటు దాకా వచ్చి నిలబడింది.

కంపెనీ తరఫున వచ్చింది నస్రీన్ అనే ఇంజనీరు. కర్నూలు దగ్గర ఓర్వకల్లు పిల్ల, మద్రాసులో ఉద్యోగం. వచ్చీ రాగానే నేను అందుకున్నాను.

"పాపా, ఈ షరతులు పెట్టే దేశాలు గోదాముల నిండా బాంబులు పెట్టుకొని, మా కుప్పలు చూస్తామంటే ఎట్లా? వాళ్ళ గోదాములు ఎవరన్నా పోయి చూసొచ్చినారా?"

"లేదు సార్. నాకూ ఆ మాట గొంతు దాకా వస్తాది శానాసార్లు. జీతం తీసుకుంటాండా కదా, మింగుతాండా."

ఆ జవాబుతో నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దారి చూపింది కూడా ఆమే. రెండో షెడ్డును వేరే మిల్లుగా లెక్కేస్తే పాత కాంట్రాక్టరును వదులుకోనక్కర్లేదు. మొదటి షెడ్డు పాతవాళ్ళకు, రెండోది కంపెనీకి. రెండు కుప్పలు, రెండు క్రషర్లు, మధ్యలో ముళ్ళకంచె. రెండో షెడ్డు రాయి మొదటి షెడ్డుకు పోగూడదు. మొదటి షెడ్డు వైపు ఆమె చూడదు. దేశం చేసిందే మేమూ చేశామని శెట్టి పొంగిపోయాడు. షెడ్డు తెరిచారు. మద్రాసు పోయినవాళ్ళు కూడా మూటలతో తిరిగి వచ్చారు.

వానాకాలం వెళ్ళాక నస్రీన్ తనిఖీకి వచ్చింది. కుప్ప చూసింది, క్రషరు చూసింది, బాగుందంది. కంచె వెంబడి నడుస్తూ ఒకచోట ఆగింది. అక్కడ కింది తీగ వంగి ఉంది. దాని రెండు వైపులా గడ్డి మొలవకుండా నున్నగా కాలిబాట పడింది.

"ఇదేంది ఓబులమ్మా?"

ఓబులమ్మ ఏ మాత్రం తడుముకోలేదు. "బరువు సర్దే దావమ్మా. మీ లోడు తేలిగ్గా వచ్చిందనుకో, ఆ పక్క నుంచి బరువు రాయి నాలుగు తట్టలు తెచ్చి కలుపుతాం. ఆ పక్కది తేలితే ఈడి నుంచి ఇస్తాం. లేకుంటే సరుకు తిరిగొస్తాది కదా."

మా వృత్తిలో అది తరతరాల అలవాటు. లోడు గ్రావిటీ తగ్గితే పక్క కుప్పలోంచి బరువైన రాయి చేర్చి సరిచేయడం పనిమంతుల లక్షణం. అట్లా చేయనివాళ్ళను సోమరులంటాం. ఒప్పందం మీద సంతకాలు చేసిన మాలో ఒక్కరికీ ఆ అలవాటు గుర్తు రాలేదు. పనివాళ్ళు ఆ కంచె గొడ్లు రాకుండా కట్టిందనుకున్నారు గాని, దాన్ని దాటి బరువు సర్దొద్దని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

నస్రీన్ వెనక్కి కుప్ప దగ్గరికి నడిచింది. కుప్పలోంచి ఒక రాయి తీసి నా చేతికిచ్చింది. "ఇది ఏ షెడ్డుకొచ్చిన రాయో చెప్పగలరా సార్?"

చేతిలో ఎగరేసి చూశాను. "బరువు చెప్తా. యాడ దించినారో చెప్పలేను పాపా. అంతా ఒకే గనిది."

"ఈడి రాయి ఆ పక్కకు పోలేదని నేను రాయలేను. ఇంక రెండే దార్లు ఉండాయి. మిల్లు మొత్తం తనిఖీకి తెరిచి ఆ కాంట్రాక్టరును మానుకోవాల, లేదంటే ఆర్డరు రద్దు."

శెట్టి ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. "ఏమప్పా నారాయణా, నువ్వు ఇన్ని పేపర్లు చదువుతావు. ఏం చేద్దాం చెప్పు," అన్నాడు. నేను ఒప్పుకోమనీ చెప్పాను, ఒప్పుకోవద్దనీ చెప్పాను, రెండింటికీ కారణాలు చెప్పాను. ఆయన విసుక్కొని, "నీకంటే రేడియో నయం, ఆపేస్తే ఆగుతాది," అన్నాడు.

గడప దగ్గర నిలబడి వింటున్న ఓబులమ్మ లోపలికి వచ్చింది.

"శెట్టీ, బాంబు సంగతి నాకు తెల్దు. షెడ్డు మూసినప్పుడు మా ఇండ్లలో ఏమైందో తెల్సు. నువ్వు రాయి ఇయ్యకుంటే ఆ కాంట్రాక్టరు యాడా తీసుకోడా?"

"పక్క మిల్లులో తీసుకుంటాడు."

"ఇంకేం మరి."

"అట్లయితే నేను ఆపి సాధించేదేంది? ఊరికే తల వంచినట్టేగా."

"మాకు పనుంటాది. అది ఊరికేనా?"

శెట్టి జేబులోంచి సెల్లు తీశాడు. మా ముందే కాంట్రాక్టరుకు చేసి, ఇకమీదట రాయి ఇవ్వలేనని చెప్పాడు. ఆపైన ఇంకో మాట కూడా అన్నాడు. "దేశానికి పోయే రాయని తెలిసి కూడా ఆపుతాండా, ఏమనుకోవద్దు."

ఫోను స్పీకరులో ఉండడంతో అవతలి మాట మాకూ వినపడింది. "బాంబు పనని నీకెవరు చెప్పినారప్పా?"

"మరి యాడికి పోతాంది?"

"నాకేం తెల్సు. నేను కర్నూలు దాటించి ఇంకో లారీకి ఎత్తిస్తా. వాళ్ళు దుడ్లిస్తారు. ఆస్పత్రిలో ఎక్స్‌రే గదికో, ఇంకోదానికో. నేను అడగల్యా, వాళ్ళు చెప్పల్యా."

శెట్టి ఫోను పెట్టేసి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళ గర్వం పోయిందని బాధపడ్డాడో, ద్రోహం చేయలేదని ఊరట పడ్డాడో, నాకు అంతుపట్టలేదు. ఆయనకూ పట్టినట్టు లేదు. మర్నాటి నుంచి ఎవరి దగ్గరా ఆ ఊసెత్తలేదు.

రెండు షెడ్లూ నడిచాయి. కాంట్రాక్టరు లారీలు మా గేటు దాటి పక్క మిల్లుకు పోయేవి. అదే గని, అదే రాయి. కంచె అవసరం తీరిపోయింది కాబట్టి పీకేయమన్నారు. తీగ చుట్టలు చుడుతూ ఓబులమ్మ అడిగింది. "అన్నా, ఇంత చేసి మనం ఆపింది ఏంది?"

ఏ బాంబూ ఆగలేదు. ఏ బాంబుకైనా మా రాయి పోయిందో లేదో కూడా తెలియదు. మా మీద నిఘా పెట్టిన దేశాల మీద నాకు కోపం తగ్గలేదు. అదే నిఘాకు ఒప్పుకున్నందువల్లే ఓబులమ్మ వాళ్ళు ఊరు వదలకుండా బతికారు. ఈ రెండూ నిజాలే. ఎంత కలిపినా ఒకటి రెండోదాన్ని సరిచేయడం లేదు.

ఇప్పుడు మళ్ళీ అణు కరెంటులోకి ప్రైవేటు వాళ్ళూ విదేశీ వాళ్ళూ వస్తారని పేపర్లలో చదువుతున్నాను. ఏది కరెంటుకు, ఏది ఆయుధానికి, మధ్యలో ఎంత గట్టి గోడ ఉందో పెద్దలు వివరిస్తున్నారు. సంతకం పెట్టేవాళ్ళలో ద్రోహులు ఉండకపోవచ్చు. మా దగ్గరా లేరు. గీత దాటినవాళ్ళు పని బాగా చేద్దామనుకున్నవాళ్ళు. అందుకే ఆ వార్తలు చదివేటప్పుడు నాకు గోడ ఎత్తు మీద ధ్యాస ఉండదు. దాని పక్కన రోజూ పనిచేసే మనుషులకు ఏ అలవాట్లు ఉన్నాయో, వాటి గురించి ఎవరైనా అడిగారో లేదో వెతుకుతాను. పేపరు మొత్తం తిరగేసినా అది మాత్రం కనపడదు.