పీక మీద బరువు

రేవులో ఆయన్ని అందరూ ‘పైవాడు’ అనేవారు. క్రేన్ నడిపేవాడు కదా, రోజంతా ఆకాశంలోనే కాపురం. కింద ఎవడైనా బద్ధకిస్తే "పైవాడు చూస్తున్నాడ్రా" అని నవ్వుకునేవారు. ఒక్క మనిషి పట్టే అద్దాల గదిలో ఏళ్ల తరబడి కూర్చున్నా ఆయనకెప్పుడూ ఇరుకనిపించలేదు.

మెడలో గడ్డ లేచాక అనిపించింది. థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. అది గాలిగొట్టాన్నీ పెద్ద రక్తనాళాలనూ చుట్టుకుపోయింది, కోస్తే ప్రాణానికే ముప్పని సర్జన్లు చేతులెత్తేశారు. మందులూ పనిచెయ్యలేదు. ముద్ద దిగడం మానేసింది. వెల్లకిలా పడుకుంటే ఎవరో పీక నులుముతున్నట్టుండేది. అందుకని కుర్చీలో కూర్చునే, బల్ల మీద దిండుకు తల ఆనించి కునుకు తీసేవాడు. ఊపిరి ఈల వేసేది. పక్కమంచం మీద భార్య ఆ ఈల వింటూ పడుకునేది.

చివరికి ఒక డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. స్కానింగ్‌లో చూస్తూ గడ్డలోకి సన్నటి సూది దించి, దాని కొనతో వేడి పెట్టి లోపల్లోపలే కాలుస్తారట. కాలినంత మేరా మెల్లగా కుంచించుకుపోతుందట. కోత ఉండదు, మెడకు మాత్రం మత్తిస్తారు.

"జబ్బు పోతుందా?" అన్నాడాయన, బొంగురు గొంతుతో.

"పోదు. పీక మీద బరువు కాస్త తగ్గుతుంది."

అబద్ధం చెప్పలేదు గనక ఒప్పుకున్నాడు. తీరా బల్లమీద పడుకోబెట్టి మెడ వెనక్కి వంచేసరికి ఊపిరందక, అందరినీ విదిలించుకుని ఆస్పత్రి గౌనుతోనే వరండాలోకి వచ్చేశాడు. భార్య తిట్టలేదు, బతిమాలలేదు. పక్కన కూర్చుంది.

"కుర్చీలోనే పోతారేమోనని కాపలా కాస్తున్నాను. నాకూ ఊపిరాడ్డం లేదు" అంది.

ఆయన లేచి లోపలికి వెళ్లాడు.

ఈసారి బల్ల తలవైపు ఎత్తి పెట్టారు. సూది లోపలున్నంతసేపూ మాట్లాడకూడదు, గుటక వెయ్యకూడదు. ఓర్చుకోలేకపోతే పిడికిలి చూపిస్తానన్నాడు. రేవులో ఆపమని చెప్పే సైగ అదే. ఇన్నాళ్లూ కిందివాళ్లు చూపిస్తే ఆయన ఆపేవాడు. వేడి దవడ దాకా, చెవి దాకా పాకింది. పిడికిలి లేచింది. డాక్టరమ్మ ఆపింది. కాసేపటికి ఆయనే వేళ్లు విప్పాడు.

మొదట్లో వాపెక్కి ఇంకా ఇబ్బందైంది. తర్వాత తగ్గుతూ వచ్చింది. ఒక మధ్యాహ్నం మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నాడు. ఈల వినిపించక భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"బతికే ఉన్నాను. పడుకోనీ" అన్నాడు కళ్లు తెరవకుండా.

పాత గొంతు మాత్రం తిరిగి రాలేదు. క్రేన్ మెట్లెక్కే సత్తువా రాలేదు. మంచం, కిటికీ, ఆస్పత్రి, అంతే లోకం. గడ్డ మళ్లీ పెరిగినప్పుడు ఎవరూ చెప్పకముందే చెప్పులేసుకుని బయల్దేరాడు. మూడోసారికి ఇక కుదరదని డాక్టరమ్మే చెప్పింది. ఈలోగా దొరికిన నెలల్లో ఆయన అన్నం తిన్నాడు, నడుం వాల్చి నిద్రపోయాడు. భార్య కూడా నిద్రపోయింది.