గోడ మీది నాయన

డెబ్బైల్లో పాతబస్తీలో కౌన్సెలర్ అంటే ఎవరికీ తెలియదు. ఫౌజీల ఇళ్లకు వెళ్లి, మనసు బాగోలేని వాళ్లతో మాట్లాడడం నా ఉద్యోగం. ఆ ముక్క చెబితే చాలు, "మా ఇంట్ల పిచ్చోళ్లెవరూ లేరమ్మా" అని తలుపేసేవాళ్లు. అందుకని ఆ ఊసే ఎత్తకుండా, ఆడవాళ్ల పక్కన కూర్చుని నేనూ చేటలో బియ్యం ఏరేదాన్ని. రాళ్లు ఏరడం అయ్యేలోపు అత్తాకోడళ్ల కథంతా బయటపడేది.

అలా స్నేహమైన ఒకామె ఛత్రినాకలో బర్రెలు పెట్టుకుని పాలమ్మేది. ఒకరోజు నన్ను పిలిపించింది. సరిహద్దు నుంచి కొడుకు సెలవు మీద వచ్చాడు. వచ్చి వారమైనా కాలేదు, తిరిగి పోతానంటున్నాడట. కారణం మూడేళ్ల కూతురు. అతను వెళ్లినప్పుడు అది ఇంకా ఉయ్యాలలో ఉంది.

"గోడ మీదున్నాయనే నాయనంట. నేను ఎవరో దొంగనంట మేడమ్," అన్నాడు. అంత మీసాల మనిషీ తువ్వాలుతో ముక్కు తుడుచుకున్నాడు.

బొమ్మలు తెచ్చాడు, మిఠాయి తెచ్చాడు, ఎత్తుకుని ఎగరేశాడు. ఎగరేసినప్పుడల్లా బస్తీ అంతా వినబడేలా లొల్లి. గోడ మీద యూనిఫాంలో అతని ఫొటో ఉంది. పిల్ల రోజూ పొద్దున్నే దాని కింద నిలబడి కబుర్లు చెబుతుందని నాయనమ్మ అంది. అప్పుడు నాకు సంగతి అర్థమైంది. ఆ పిల్లకు తెలిసిన నాయన మాట్లాడడు, మీద పడడు, చెప్పింది వింటాడు.

"తమ్మీ, ఎగరేసుడు బంద్ చెయ్యి. ఫొటో కింద ఫొటో లెక్క కూసో," అన్నాను.

"గంతేనా? కదలకుండ ఉండుడు నాకు కొత్తనా మేడమ్?"

సిపాయి కదా, ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. పిల్ల తల్లితో సహా మేమంతా వంటింట్లోంచి తొంగి చూస్తున్నాం. పిల్ల అతని చుట్టూ తిరిగింది. ఫొటోను చూసింది, అతన్ని చూసింది. చివరికి దగ్గరగా నిలబడి మొదలుపెట్టింది.

"నాయనా, నాయనమ్మ పాలల్ల నీళ్లు పోస్తున్నది. నేను చూసిన."

నాయనమ్మ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫౌజీ ఎంత బిగబట్టినా ఆగక పకపకా నవ్వేశాడు. అంతా చెడగొట్టాడురా అనుకున్నాను. పిల్ల వెనక్కి జరిగి కాసేపు చూసింది. మళ్లీ దగ్గరికొచ్చి అతని పళ్లను వేలితో ముట్టుకుంది.

"నీకు నవ్వుడు గూడ ఒస్తదా?"

సెలవంతా ఉండే వెళ్లాడు. తర్వాత కొత్త ఫొటో పంపాడు. అదే యూనిఫాం, పళ్లన్నీ బయటే. దానికి మేకు కొట్టబోతే పిల్ల కొట్టనివ్వలేదట. తనకు అందేలా కింద పీట మీద పెట్టించుకుంది.

"మా నాయన గోడ మీదుండడు," అందట.