షావుకారమ్మ కోపం

షావుకారమ్మ పోయిందని మాకెవరూ కబురు చెప్పలేదు. బాగా పొద్దెక్కినా మా ఎదురుగా ఉన్న ఆమె కిరాణా కొట్టు షట్టరు లేవకపోతే ఏదో అయిందనుకున్నాను. కాసేపటికి ఒక వ్యాను వచ్చి కొట్టు పక్క సందులో ఆగింది. శవాన్ని ఎక్కించి, కొండ కిందికి, శృంగవరపుకోట వైపున్న వాళ్ళ సొంత ఊరికి తీసుకుపోయారు. పొయ్యి మీద ఎసరు వదిలేసి నేను రోడ్డు మీదికి పరిగెత్తేసరికి వ్యాను కదిలిపోతోంది. ముందు సీట్లో ఉన్న ఆమె పెద్దకొడుకు నన్ను చూశాడు. చూసి అద్దం ఎత్తుకున్నాడు.

మరునాటికి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. "మా అందరికీ మాతృమూర్తి, మహిళా వ్యాపారుల ఆశాజ్యోతి" అని రాయించారు. అందులో ఆమె ఫోటో కంటే హోటళ్ళ, కొట్ల యజమానుల సంఘం ప్రెసిడెంటు ఫోటోయే పెద్దది. అది చూశాకే ఇది రాయాలనిపించింది. బతికున్నంత కాలం ఆమెను ఏడిపించినవాళ్ళు, ఇప్పుడు ఆమెను మంచిదాన్ని చేసి చేతులు కడుక్కుంటున్నారు. ఆమె మంచిది కాదు. మాకు మేలు చేసింది. రెండూ నిజమే, రెండూ చెప్పాలి.

మీరు అరకు వచ్చే ఉంటారు. వలిసె పూల మధ్య నిలబడి ఫోటో దిగి, బొంగు చికెన్ తిని, కాఫీ పొడి కొనుక్కుని వెళ్ళి ఉంటారు. ఎక్కడ తినాలో మీరే నిర్ణయించుకున్నారని అనుకుంటారు. కాదు. మీ వ్యాను డ్రైవరు నిర్ణయించాడు. డ్రైవరుకు కమీషను ఇచ్చే పెద్ద హోటలు నిర్ణయించింది. మీరు దాటి వెళ్ళిపోయిన చిన్న హోటళ్ళలో ఒకటి నాది. మా అమ్మ అంబలి అమ్మిన రేకుల పాక అది. మిషన్ హాస్టల్లో చదువు ముగించుకుని వచ్చి నేను దానికి గోడలు కట్టించి బల్లలు వేయించాను.

రోడ్డుకు అవతల షావుకారమ్మ కొట్టు. బోర్డు మీద భర్త పేరు, గల్లాపెట్టె దగ్గర ఆమె. పెళ్ళై కొండెక్కినప్పటి నుంచీ అంతే. మా అమ్మ అడవిలో ఏరిన చింతపండు గంపతో దిగితే, ఆమె చెప్పిందే ధర. బేరం ఆడబోతే "అయితే నెత్తికెత్తుకుని ఎల్లిపో" అనేది. గంప మళ్ళీ కొండెక్కించలేక అమ్మ ఇచ్చేసి వచ్చేది.

వాళ్ళది నీసు ముట్టని ఇల్లు. మా చేతి నీళ్ళు కూడా తాగరు. నా చిన్నతనంలో ఒక సంత రోజున షావుకారమ్మ ఎండకు కళ్ళు తిరిగి తన కొట్టు మెట్టు మీద కూలబడిపోయింది. మా అమ్మ గ్లాసుతో నీళ్ళు పట్టుకెళ్ళింది. అంత నీరసంలోనూ షావుకారమ్మ ఆ గ్లాసు చూసి, మొహం తిప్పుకుని, లోపలున్న ఆడపడుచుని కేకేసింది. మా అమ్మ గ్లాసు వెనక్కి తెచ్చేసి గిన్నెలు తోముకుంది. నేను మాత్రం మరిచిపోలేదు.

హోటలు పెట్టాక గొడవలు ఇంకా పెరిగాయి.

"మీ పొగంతా నా పప్పు బస్తాల్లోకే వత్తంది. గొట్టం అటేపు ఎట్టుకోలేవేటే?"

"పొగకి దారి మీరే సెప్పండి అమ్మగారూ, అలాగే ఎల్తాది."

ఏళ్ళ తరబడి మా ఇద్దరి మధ్యా ఇవే మాటలు.

ఇక మా కూడిక సంగతి. చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన అయ్యాక కాసేపు కష్టసుఖాలు చెప్పుకోవడం మాకు అలవాటు. కాఫీ గింజలు వేయించి అమ్మే మా వదిన ఒకనాడు, "పార్దన సేసి ఎవలింటికాలు ఎల్లిపోతన్నాం. ఒకలి కొట్టుకి ఒకలం ఎల్లి తింటే, కొంటే, అదీ సాయమే కదా" అంది. అలా మొదలైంది. నెలకొకరి దగ్గర కూడాలి. మా చర్చివాళ్ళే కాదు, సొంతంగా హోటలో టీకొట్టో కుట్టుమిషనో నడుపుకునే ఏ ఆడమనిషైనా రావచ్చు. ఇరుగుపొరుగునీ తెలిసిన టీచర్లనీ నర్సులనీ వెంటబెట్టుకు రావాలి. పూర్తి ధర ఇవ్వాలి. తిన్నాక ఏదో ఒక లోపం మొహం మీదే చెప్పాలి, బయట చెప్పకూడదు.

మొదట ఊరు నవ్వింది. కూడికలో మేమంతా ఒక మాట మీద నిలబడి, అప్పటిదాకా మేమూ డ్రైవర్లకు ఇస్తూ వచ్చిన కమీషను మానేశాక నవ్వడం ఆపేసింది. డ్రైవర్లకూ, వాళ్ళను మేపే పెద్ద హోటలుకూ మా మీద కక్ష మొదలైంది.

ఘాట్ రోడ్డు మలుపులకు కడుపు తిప్పని మనిషి ఉండడు. అనంతగిరి దాటేలోపే కిటికీల్లోంచి తలలు బయటికొస్తాయి. అలా తిప్పి తిప్పి ఒక పర్యాటకుల పాప, వ్యాను దిగుతూనే మా వదిన కొట్టు ముందు వాంతి చేసుకుంది. అప్పటికి ఆ పిల్ల మా దగ్గర మంచినీళ్ళు కూడా తాగలేదు. ఎవరో వీడియో తీశారు. "ఆడాళ్ళ హోటళ్ళలో తింటే ఇదే గతి" అన్న మాట తగిలించి వదిలారు. సాయంత్రానికి లోయంతా చూసింది. అధికారులు వచ్చి, మా వంటిళ్ళు వెతికి, ఏమీ లేదన్నారు. ఆ మాటను మాత్రం ఎవరూ వీడియో తీయలేదు. సరిగ్గా సీజను మొదట్లో మా బల్లలు ఖాళీ అయిపోయాయి.

ఆ నెల కూడిక నా హోటల్లో. బయటివాళ్ళు ఒక్కరూ రాలేదు. వండిన అన్నం ముందు మేమే కూర్చున్నాం. అప్పుడు షావుకారమ్మ రోడ్డు దాటి వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పటికి ఆమె భర్త పోయి ఏడాది కావొస్తోంది. గల్లా దగ్గర పెద్దకొడుకు కూర్చుంటున్నాడు.

"ఏటే, ఎవలైనా సచ్చిపోనారేటి, అలా కూకున్నారు?"

"ఏటి కావాలి అమ్మగారూ?" అంది వదిన ముభావంగా.

"సంఘం మీటింగు కాడ్నుంచి వత్తన్నాను. మా ఆయన కుర్సీలో కూకుంటే ఆ పెసిడెంటు నవ్వినాడు. 'మీకెందుకమ్మా శ్రమ, పెద్దబ్బాయిని పంపండి' అన్నాడు. నా తల నెరిసేదాకా ఆ కొట్టు నడిపింది నానా, ఆ గుంటడా? ఫోను సేసి ఆడ్ని పిలిపించినారు. నన్ను లేపి ఆడ్ని కూకోబెట్టినారు." ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "రేపట్నుంచి మీకెవలూ సరుకు ఇవ్వకూడదంట. అందరూ సేతులెత్తినారు. నా కొడుకూ ఎత్తినాడు."

షావుకారమ్మ తన కొట్టు వైపు చెయ్యి చూపించింది.

"నానిస్తాను. ఎంత కావాలంటే అంత అట్టుకెల్లండి. అరువు మాత్రం అడక్కండి."

నేను నమ్మలేదు. "మా మీద ఇంత పేమ ఎప్పట్నుంచి అమ్మగారూ?" అన్నాను.

"పేమేటే పేమ? మీ మీద నాకేటీ లేదు. ఆల్ల మీద కోపం. అది సాలదేటి?" అని బల్ల ముందు కూర్చుంది. "ఏటుంది తినడానికి?"

మేం మొహాలు చూసుకున్నాం. "సామల అన్నం, ఎండు వెదురు కొమ్ముల కూర. అదే పొయ్యి మీద ఇందాకే కోడి కూడా ఉడికింది. ముందే సెప్తన్నాను" అన్నాను, కావాలనే.

"నాను పొయ్యి తినడానికి రాలేదే. బేగి ఒడ్డించు."

అడ్డాకు విస్తరి వేసి వడ్డించాను. మా అమ్మ లోపల్నుంచి నీళ్ళ గ్లాసు తెచ్చి విస్తరి పక్కన పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది. షావుకారమ్మ తల ఎత్తలేదు. గ్లాసు ఎత్తి తాగింది. క్షమించమన్న మాట ఏదీ లేదు. మా అమ్మా దాని కోసం నిలబడలేదనుకుంటాను.

తినడం అయ్యాక షావుకారమ్మ డబ్బు బల్ల మీద పెట్టి, "కూరలో ఉప్పెక్కువ. రేపట్నుంచి బల్ల బయటెయ్యి. ఇలా సీకట్లో తింటే ఎవలు సూత్తారు?" అంది.

మరునాడు కొడుకు కంటే ముందే కొట్టు తీసి గల్లా దగ్గర కూర్చుంది. వాడు రోజంతా నిలబడే ఉన్నాడు. మధ్యాహ్నం రోడ్డు దాటి వచ్చి, సెంటరంతా చూస్తుండగా నా బయటి బల్ల మీద భోంచేసింది. ఆ తర్వాత రోజూ అంతే. ఆ మొదటి రోజే కొడుకు పరిగెత్తుకు వచ్చాడు.

"అమ్మా, లెగు. అందరూ సూత్తన్నారు. పరువు పోతంది."

"సూడాలనే కూకున్నాన్రా. నువ్వు సెయ్యెత్తినపుడు నానూ సూసినాను."

ఆమె కొట్టుకి బేరం పెరగడం చూసి, మిగతా కొట్లవాళ్ళు కూడా ఒక్కొక్కరే మాకు సరుకు ఇవ్వడం మొదలుపెట్టారు. సిగ్గుపడి కాదు, నష్టం చూడలేక. కానీ బొంగు చికెన్ అమ్మే మా తోటిది అప్పటికే పొయ్యి ఆర్పేసి, మారేడుమిల్లిలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. దాన్ని తరిమినవాళ్ళు ఎవరో ఊరందరికీ తెలుసు. వాళ్ళే ఇప్పుడు ఏటా మహిళా వ్యాపారుల పండగ చేస్తున్నారు. మా స్టాళ్ళను మరుగుదొడ్ల పక్కన వేయించి, స్టేజీ మీద తాము కూర్చుంటారు.

మా దగ్గర తిన్నందుకు ఇంట్లో షావుకారమ్మ కంచం వేరు చేశారు. వెనక వరండాలో వేరే పొయ్యి పెట్టారు. మనవరాలి పెళ్ళికి కింద ఊరు వెళితే, పందిట్లో అందరికీ దూరంగా ఒక్కదాన్నీ కూర్చోబెట్టారట. కొట్లో మూటలు మోసే మనిషి చెబితే తెలిసింది. తిరిగి వచ్చాక, పెళ్ళి ఎలా అయిందని అడిగాను.

"పప్పు ఉడకలేదు" అంది. అంతే.

దానివల్ల ఆమె మెత్తబడిందని అనుకోకండి. కూడికలో ఆమె పక్కన కూర్చోవాలంటే అందరికీ భయమే. కుట్టుకొట్టు పెట్టుకున్న అమ్మాయి జాకెట్టు చూసి ఏం అందో ఏమో, పిల్ల బావురుమంది. "ఏడు. ఏడిసి మల్లీ కుట్టు" అంది షావుకారమ్మ. ఆ అమ్మాయి కుట్టింది. ఇప్పుడు పాడేరు నుంచి కూడా దాని దగ్గరికి గుడ్డలు వస్తున్నాయి.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "మా అమ్మ చింతపండుకి అంత తక్కువ ఎందుకిచ్చేవోరు?"

ఆమె కంగారు పడలేదు. "ఎక్కువ కావాలని మీ యమ్మ గట్టిగా ఎప్పుడైనా అడిగినాదేటి? అడిగితే ఇద్దునేమో. అడగలేదు, ఇవ్వలేదు." నా వైపు వేలు చూపించి, "మీరు అడగండే. మొగమాటపడితే నాలాటిదే మిమ్మల్ని తినేత్తాది" అంది.

ఆ జవాబుకి నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది. కానీ ఆ రోజు నుంచి ఎవరితో ధర మాట్లాడినా నా గొంతు తగ్గలేదు.

పోయిన వానాకాలంలో ఆమె కాళ్ళు వాచిపోయాయి, రోడ్డు దాటలేకపోయింది. నేనే అన్నం గిన్నె పట్టుకెళ్ళాను. కోడలు గుమ్మంలోనే గిన్నె అందుకుని తలుపేసింది. మరునాడు కడిగిన గిన్నె గడప మీద పెట్టి ఉంది. ఆ అన్నం ఆమె దాకా వెళ్ళిందో లేదో నాకు తెలీదు.

సంఘం వాళ్ళు సంతాప సభ పెట్టారు. మమ్మల్ని పిలవలేదు, అయినా వెళ్ళాం. ప్రెసిడెంటు మైకు పట్టుకుని, "ఆ తల్లి ఆశీస్సులతోనే మన సంఘం మొదటి నుంచీ మహిళలను ప్రోత్సహిస్తూ వచ్చింది" అన్నాడు.

"అబద్దం" అంది మా వదిన, కూర్చున్న చోటి నుంచే. హాలంతా వినబడింది.

నేను లేచి మైకు అడిగాను. "టైమైపోయిందమ్మా, భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నాడాయన.

"ఆవిడ కుర్చీలో కూర్చుంటే లేపింది ఎవరో చెప్పండి. తర్వాత తింటాం" అన్నాను.

పెద్దకొడుకు తల దించుకున్నాడు. దానికి నేను జాలిపడలేదు. మేమంతా లేచి బయటికి వచ్చేశాం. వెనక ప్లేట్ల చప్పుడు మొదలైంది.

ఫ్లెక్సీలో ఆమె నవ్వుతూ ఉంది. ఆ నవ్వు ఎక్కడ సంపాదించారో. నాకు తెలిసిన మనిషిని చూపించి ఆపేస్తాను.

బల్ల బయట వేసిన ఆ శీతాకాలంలోనే, మంచు ఎంతకీ విడవని ఒక ఉదయం. ఆమె టిఫిను తింటోంది. వ్యానులు ఒకదాని వెనకొకటి మమ్మల్ని దాటుకుని పెద్ద హోటలు వైపు పోతున్నాయి. ఉన్నట్టుండి ఆమె లేచింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి రోడ్డు నడిమధ్య నిలబడింది. మొదటి వ్యాను కీచుమని ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి తిట్టబోయాడు.

"ఒరే, నువ్వా? నువ్వు పుట్టినపుడు మీ యమ్మకి బాలింత కాయం నా కొట్లోంచే ఎల్లినాది. దించు ఆల్లని. తిని ఎల్తారు."

"అమ్మగారూ, ఓనరు తిడతాడండి."

"ఆడు ఫోన్లో తిడతాడు. నాను ఎదురుగా ఉన్నాను."

తలుపు తెరుచుకుంది. శాలువలు కప్పుకున్న జనం బిక్కుబిక్కుమంటూ దిగి నా హోటల్లోకి వస్తున్నారు. నేను లోపలికి పరిగెత్తి పెనం ఎక్కించి మళ్ళీ గుమ్మంలోకి వచ్చాను. అప్పటికి ఆమె ముందుకు వెళ్ళిపోయింది. మంచులో మనిషి కనబడటం లేదు. వంపు దాకా వరసగా ఆగిపోయిన బళ్ళ లైట్లు, మోగుతున్న హారన్లు, వాటి మధ్యలో ఎక్కడో ఆ గొంతు, ఒక్కొక్క డ్రైవరునీ ఇంటిపేరుతో పిలిచి మరీ తిడుతూ.